ఎర్రనీళ్ళ కింద మోత

పులస తలకాయ కోసం బతిమాలుకునే ఉద్యోగం ప్రపంచంలో నా ఒక్కదానిదేనేమో. ముక్కలు ఎవరికైనా అమ్ముతారు గాని, తల దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దాయన కంచం ముందేసుకుని కూర్చుని ఉంటాడు. పులుసులో ఊరిన ఆ తలని జుర్రుకోవడానికే ఆయన ఈ వరదల దాకా బతికాడన్నట్టు మాట్లాడతారు ఇంటిల్లిపాదీ. అలాంటి తలని, అదీ వండకముందే, నా చేతిలో పెట్టమని అడగాలి. పెడితే దాని పుర్రె చీల్చి, లోపల చెవుల దగ్గర దాక్కున్న రెండు తెల్లటి రాళ్ళు తీసుకుంటాను. నువ్వుగింజ కంటే కాస్త పెద్దవి, అంతే. మిగతా తల వెనక్కిచ్చేస్తాను గాని, అప్పటికి దాని అందం పోతుంది, పెద్దాయన అలుగుతాడు.

నా పేరు గంగాభవాని. కాకినాడలో చేపల మీద పరిశోధన చేసే ఒక సంస్థలో పని చేస్తున్నాను. మా ఊరు చినమొగ. మొగ అంటే ఏటి నోరు, గౌతమి సముద్రంలో కలిసే చోటు. తలకాయల బేరం నాకు చేతకాదని రెండు వారాల్లోనే తేలిపోయింది కాబట్టి ఆ పని మా వదినకి అప్పజెప్పాను. సత్యవేణి వదిన మా అన్నయ్య నూకరాజు భార్య, యానాం రేవులో చేపలమ్ముతుంది. రెండేళ్ళ కిందట శ్రావణంలో అన్నయ్య సముద్రంలో పోయాడు. రేవులో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు, అందుకని ఆమె అడిగితే కాదనరు. అది ఆమెకీ తెలుసు. నా మొహం చూసి ఇస్తున్నారు గాని నీ చదువు చూసి కాదని నన్ను దెప్పుతూ ఉండేది. ఆ దెప్పడంలో కోపం ఉండేది కాదు, నాకు హాయిగానే ఉండేది.

పులస గురించి మావాళ్ళకి అన్నీ తెలుసు, అది సముద్రంలో ఏం చేస్తుందో తప్ప. అక్కడ దాని పేరు ఇలస, రుచీ అంతంత మాత్రం. వరదకి ఏటిలో ఎర్రనీరు దిగగానే ఆ వాసన పట్టుకుని ఎదురీదుతూ వస్తుంది. ఒంట్లో ఉప్పు విరిగి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగువ ఇసకల్లో గుడ్లు పెట్టి, ప్రాణం మిగిలితే మళ్ళీ సముద్రంలోకి పోతుంది. పురిటికి పుట్టింటికొచ్చి వెళ్ళిన పిల్ల అత్తారింట్లో ఎలా ఉందో ఎవరూ అడగనట్టే ఉండేది మా వ్యవహారం. ఎక్కడికి పోతుందో తెలిస్తే అక్కడ వలలు ఆపించవచ్చని, ఏటేటా తగ్గిపోతున్న చేపని నిలబెట్టవచ్చని మా సంస్థ ఆశ.

ఆ చెవిరాయి మీద రోజుకో సున్నపు పొర పేరుకుంటుంది. అది చేపల శాస్త్రంలో పాత సంగతే. ఏ రోజు ఎంత ఉప్పులో ఉందో, ఎంత చలిలో ఉందో పొరని బట్టి చెప్పవచ్చు. మా పెద్దావిడ డాక్టర్ వారిజ గారు అక్కడితో ఊరుకోలేదు. ఇలస జాతి చేపలకి గాలితిత్తి నుంచి చెవి దాకా సన్నటి గొట్టం ఉంటుంది, అందుకే నీళ్ళలో ఎంత చిన్న మోతయినా వాటికి తెలుస్తుంది. మోత తగిలితే రాయి వణుకుతుంది. వణికే రాయి మీద సున్నం ఒకలా, ఊరుకున్న రాయి మీద ఇంకోలా పడుతుందని ఆవిడ పట్టుకుంది. రాయిని వెలుతురుతో పొర వెంట పొర గీకుతూ ఆ తేడాని మళ్ళీ మోతగా మార్చే యంత్రం తయారుచెయ్యడానికి ఆవిడకి తొమ్మిదేళ్ళు పట్టింది. దానికో పొడుగాటి పేరుంది గాని మేమంతా గ్రామఫోను అనేవాళ్ళం.

మొదటిసారి అది పాడిన రోజు మేం ఐదుగురం దాని చుట్టూ కూర్చున్నాం. ఒక చేప బతుకంతా నలభై నిమిషాలకి కుదించుకుని విన్నాం. పుట్టినచోట ఇసక జరజరా జారే చప్పుడు, ఆ తర్వాత మడ అడవుల కాలవల్లో రొయ్యల చిటపటలు, ఆపైన సముద్రం. ఓడల మోత వినపడిందంటే చేప పక్కకి తప్పుకునేది, మరబోట్లు వినపడితే ఇంకా లోతుకి పోయేది. చలికాలానికి తీరానికి చాలా దూరాన, ఏ మోతా చేరని ఒక లోతులో ఆగింది. ఆ తర్వాత విన్న ప్రతి చేపా అక్కడికే చేరింది. మేం అనుకున్నట్టు తిండి వెతుక్కుంటూ కాదు, నిశ్శబ్దం వెతుక్కుంటూ పోతున్నాయవి. వారిజ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మనం వీటికి ఇన్నాళ్ళూ ఎంత గోల పెట్టామో అన్నారు.

ఈ ఏడు శ్రావణంలో వదిన పంపిన తలల్లో ఒకటి బాగా ముదురు చేపది. అంతకుముందు రెండుసార్లు ఏటికొచ్చి వెళ్ళిన చేప. దాని రాయిని ఒక మధ్యాహ్నం యంత్రంలో పెట్టి, చచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వింటున్నాను. అన్నయ్యని పట్టుకుపోయిన ఆ రెండేళ్ళ కిందటి వాయుగుండం రోజు పొర మందంగా, గాయం మానిన మచ్చలా ఉంటుంది. ఆ ఏటి చేపలన్నిటికీ ఉంటుంది కాబట్టి తేదీ పొరపాటు పడే వీల్లేదు. ఆ మచ్చ దగ్గరికి రాగానే నేనెప్పుడూ గబగబా దాటేసేదాన్ని. ఆ రోజు టీ తెచ్చుకోవడానికి లేచి వెళ్ళి, దాటించడం మరిచిపోయాను.

తిరిగొచ్చి హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకునేసరికి ఇంజను మోగుతోంది. డుగు డుగు డుగు డుగు డుగు, ఒకటి ఎగిరిపోవడం. మళ్ళీ ఐదు, మళ్ళీ ఒకటి ఎగిరిపోవడం. అన్నయ్య పాత ఇంజను కొనుక్కొచ్చిన రోజు నుంచీ ఊరంతా దాన్ని నత్తి ఇంజను అనేది. బోటు కంటికి కనపడకముందే నూకరాజు వస్తున్నాడని మా పెరట్లోంచి చెప్పగలిగేవాళ్ళం. చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టి తెర మీద తేదీ చూశాను. వాయుగుండం వెళ్ళిపోయిన మూడో రోజు.

ఆ మూడు రోజుల సంగతి ఇక్కడ చెప్పాలి.

గాలి లేస్తుందని తెలిసి కూడా, ముందురోజు వేసిన వల పోతుందని అన్నయ్య ఒక్కడే బోటు తీసుకుని వెళ్ళాడు. సోమవారం సాయంత్రం. రెండు గంటల్లో ఫోను మూగపోయింది. ఆ రాత్రంతా గాలివాన. మంగళవారం గాలి తగ్గగానే ఊళ్ళో బోట్లన్నీ వెతకడానికి పోయాయి, పోలీసుల పడవ కూడా వచ్చింది. బుధవారం పొద్దున్న దాకా ఏమీ దొరకలేదు. అప్పుడు మా ఊరి పద్ధతి ప్రకారం నాన్నని పిలిచారు.

మా నాన్న పెద్దిరాజుది తెడ్డు చెవి. తెడ్డు నీళ్ళలో దించి, పైకొనకి చెవి ఆనించి వింటాడు. చేపల మంద ఏ పక్కన ఉందో చెబుతాడు, మైళ్ళ దూరంలో ఉన్న బోటు ఎవరిదో చెబుతాడు. మావాళ్ళలో పాతకాలపు పెద్దలందరికీ ఉన్న విద్యే గాని, నాన్నంత నికరంగా ఎవరూ వినలేదంటారు. బోటు తప్పిపోతే ఊరి పెద్ద చెవి మొగలో వింటుంది. ఉందంటే వెతుకుతారు, లేదంటే మానేస్తారు. అన్నయ్యకి మీసాలు రాకముందే నాన్న చెప్పిపెట్టాడు: దారి తప్పినా బోటు దెబ్బ తిన్నా కంగారుపడి నూనె తగలెయ్యకు, పోటు పాటుకి తిరిగేముందూ, పాటు పోటుకి తిరిగేముందూ నీళ్ళు నిలబడతాయి, ఆ కాసేపే ఇంజను మోగించు, నేను వింటూ ఉంటాను అని.

బుధవారం మధ్యాహ్నం నీళ్ళు నిలబడే వేళకి నాన్న మొగలో తెడ్డు దించాడు. ఎగువన వానలకి ఏరు ఒడ్డులొరుసుకుని పారుతోంది, మొగంతా ఎర్రనీరే. నేను పడవలో ఆయన వెనకే కూర్చున్నాను. అరగంట విన్నాడు. తర్వాత లేచి, తల అడ్డంగా ఊపి, మాకెవరికీ మొహం చూపించకుండా ఒడ్డుకేసి తిరిగిపోయాడు. వదిన ఒడ్డున ఆయన కాళ్ళు పట్టుకుంది. మరొక్కసారి వెళ్ళిరమ్మంది, బోట్లన్నీ కాదు ఒక్కటి చాలంది. నాన్న ఆమెని లేవదీశాడు గాని మాట మార్చలేదు. పోలీసు అధికారికి మా ఊరి చెవుల సంగతి తెలియదు కదా, ఏం చెయ్యమంటారని అడిగాడు. ఆయనకి వివరంగా చెప్పి, ఇక చాలండి అన్నది నేనే. చదువుకున్నదాన్ని కాబట్టి నన్నడిగాడు.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. వారిజ గారు అడిగితే ఏదో బోటు మోత, పనికిరాదన్నాను. ఒక్కదాన్నే కూర్చుని ఆ పొరలన్నీ మళ్ళీ మళ్ళీ విన్నాను. బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం పొద్దున్న దాకా ఏడుసార్లు మోగింది ఇంజను. ఆ రోజుల పోటుపాట్ల పట్టీ తీసి పక్కన పెట్టుకుంటే, ఏడు సార్లూ సరిగ్గా నీళ్ళు నిలబడిన వేళే. తుఫాను గాలికి కొట్టుకుపోయాడని మేం కర్మకాండకి సామాన్లు రాసుకుంటున్నప్పుడు మా అన్నయ్య మొగకి కొద్ది మైళ్ళలో, నాన్న చెప్పిన పాఠం అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు.

ఇంజను నడుస్తుంటే ఇంటికెందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. ఒకవేళ అది వేరే ఎవరిదో ఇంజనేమో, లోకంలో నత్తి ఇంజను మా ఇంట్లోనే ఉందా అని ఆశ పుట్టింది. ఆ ఆశ తీర్చుకోవాలంటే అడగాల్సింది ఒక్క మనిషినే. పోలీసు అధికారితో చాలండి అన్నది మొదటిదైతే, ఇది నేను చేసిన రెండో తప్పు. ఆయన చెవి ఎలాంటిదో తెలిసి కూడా ఆయన్ని ఏమార్చవచ్చనుకున్నాను.

ఆదివారం ఊరెళ్ళేసరికి నాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. వదిన రేవుకి వెళ్ళింది. ఫోనులో ఎక్కించుకున్న మోత వినిపించి, ఇది ఏ బోటో చెప్పగలవా అన్నాను. మూడో దెబ్బకే ఆయన మొహం విప్పారింది.

"మనోడిదే," అన్నాడు. "నత్తి ఇంజను. నీకెక్కడిదే ఇది?"

ముసలి చేప రాయిలో దొరికిందని, వాయుగుండానికి ఎంతో ముందుదని చెప్పాను. మళ్ళీ పెట్టమన్నాడు. ఆ ఇంజను అమ్మినవాడు అన్నయ్యని ఎలా బుట్టలో వేశాడో, దాన్ని మొదటిసారి నడిపిన రోజు ఊరి కుక్కలన్నీ ఎలా పరిగెత్తాయో చెప్పి నవ్వాడు. రెండేళ్ళలో ఆయన నవ్వడం నేను చూడలేదు. మళ్ళీ పెట్టమన్నాడు. నాలుగోసారి వింటున్నప్పుడు కళ్ళు మూసుకున్నాడు. చేతిలో వల జారి ఒళ్ళో పడింది.

"దీనికి ఫ్యాను లేదు," అన్నాడు.

బోటు అడుగున తిరుగుతూ నీళ్ళు తోసే రెక్కల్ని మావాళ్ళు ఫ్యాను అంటారు.

"ఒట్టి ఇంజను తిరగతంది. నీళ్ళు తోసే మోత లేదు సూడు. ఫ్యాను ఊడిపోయింది."

ఎప్పుడో ఊడి ఉంటుందిలే నాన్నా, పాత సంగతి కదా అన్నాను.

"ఎప్పుడూ ఊడలేదు. ఆ ఫ్యాను బిగించింది నేను." నా మొహంలోకి చూశాడు. "ఇది ఏ రోజుదమ్మా?"

నేను ఫోను ఆపేశాను. దాంతోనే ఆయనకి సగం తెలిసిపోయింది. గాలివాన తరవాతా అని అడిగాడు, అవునన్నాను. నేను వింటున్నప్పుడూ, ఆ తరవాతా కూడానా అని అడిగాడు, దానికీ అవునన్నాను. ఎన్నిసార్లు అన్నాడు. ఏడు అన్నాను. ఆయన ఒళ్ళో వలని చాలా జాగ్రత్తగా మడత పెట్టి పక్కన పెట్టాడు. లోపలికెళ్ళి ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, పద అన్నాడు.

సెలవు రోజైనా వారిజ గారిని సంస్థకి పిలిపించాను. జరిగింది మొత్తం ఆవిడకి అప్పుడే చెప్పాను. ఆవిడ నాన్నకి కుర్చీ వేసి తన చేత్తో హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి అమర్చారు. ఏడూ విన్నాడాయన. మొదటిది పావుగంట ఉంది. రెండోది పది నిమిషాలు. ఇక్కడి నుంచి నూనె దాచుకుంటున్నాడన్నాడు నాన్న, ఎవరితోనో మామూలుగా మాట్లాడుతున్నట్టు. నాలుగోసారి ఇంజను అందుకోవడానికి మూడుసార్లు ఉక్కిరిబిక్కిరైంది. లోపలికి నీళ్ళు వెళ్ళాయన్నాడు. ఆరోది రెండు నిమిషాలు. ఏడోది అర నిమిషం కూడా లేదు, దెబ్బకి దెబ్బకి మధ్య ఎడం పెరుగుతూ ఆగిపోయింది. ఆయన చెవులవి తియ్యకుండా అలాగే ఉండిపోయాడు. ఆ తర్వాత ఉన్నది సముద్రం చప్పుడే, అదీ చివరిదాకా విన్నాడు.

తర్వాత ఆయనకొచ్చిన అనుమానం నేను భయపడ్డదే. ఈ చేప ఎక్కడుంది అప్పుడు అని అడిగాడు. మొగలోనే అన్నాను. మొగలో చేప విన్నది తనకెందుకు వినపడలేదన్నాడు. నేను తెర మీద ఉప్పు గీత చూపించాను. చేపలు ఏటిలోకి దూరేముందు మొగలో కొన్నాళ్ళు ఆగి ఒంటిని తీపినీటికి అలవాటు చేసుకుంటాయి. ఆ మూడు రోజులూ ఆ గీత ఎక్కడా దిగలేదు, నిండు ఉప్పులోనే ఉంది. వారిజ గారు విడమరిచి చెప్పే పని లేకపోయింది.

"ఇది కింద ఉప్పునీళ్ళలో ఉంది," అన్నాడు నాన్న. "నేను తెడ్డు పైన ఎర్రనీళ్ళలో పెట్టాను."

వరదప్పుడు ఏటి నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. ఒకదాని మీద ఒకటి రెండు అరల్లా పారతాయి. సముద్రంలో పుట్టి ఉప్పునీళ్ళ వెంట కింది అరలోకి వచ్చిన మోత ఆ హద్దుకి తగిలి పక్కకి వంగిపోతుంది, పైకి రావడం కష్టం. నాన్న ఎన్ని వందలసార్లు విన్నా అది మామూలు రోజుల్లోనే, ఒకే నీటిలోనే. వరద నిండుగా ఉన్నప్పుడు ఏ బోటు కోసమూ వినే అవసరం ఆయనకి అంతకుముందు రాలేదు. నాకు మాత్రం ఇది కాలేజీలో మొదటి ఏడాది పాఠం. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పాఠం. ఆ రోజు పడవలో ఆయన వెనక కూర్చుని ఎర్రనీళ్ళు చూస్తూ కూడా నాకది గుర్తుకు రాలేదు, ఎందుకంటే వింటున్నది మా నాన్న. ఆ మాట ఆయనతో చెప్పి, తప్పు నాదన్నాను. ఏడ్చాను కూడా.

"నువ్వూ నా మాటే ఇన్నావు," అన్నాడు. "ఆడూ నా మాటే ఇన్నాడు."

వదినకి చెప్పొద్దని తిరుగు బస్సులో దారిపొడుగునా బతిమాలాను. ఆమె ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది, తెలిసి చేసేదేముంది, పోయినవాడు ఎలాగూ రాడు అన్నాను. నా మనసులో ఇంకోటి కూడా ఉంది. అమ్మ పోయాక నాన్నకి దిక్కు ఆమె. అన్నయ్య పోయాక పుట్టింటివాళ్ళు రమ్మని ఎంత పిలిచినా, మావయ్యకి ఎవరున్నారని వెళ్ళకుండా ఉండిపోయిన మనిషి. ఆ ఒక్క అండా పోతే ఆయన గతేమిటని నా భయం. నాన్న నా మాటలకి అడ్డు చెప్పలేదు. యానాం స్టాపు రాగానే లేచి బస్సు దిగాడు.

వదిన రేవులో కత్తిపీట ముందు కూర్చుని ఎవరికో చేప కోస్తోంది. నాన్న వెళ్ళి ఆమె పక్కనే తడి మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ రేవుకి రాని మనిషి వచ్చేసరికి ఆమె కంగారుపడి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఏమీ దాచలేదు, తనని వెనకేసుకురాలేదు. ఫ్యాను ఊడిన సంగతి, ఏడుసార్లు మోగిన సంగతి, ఎర్రనీళ్ళ సంగతి వరసగా చెప్పాడు. ఆమె చెయ్యి ఆగలేదు. ముక్కలన్నీ కడిగి, సంచిలో వేసి, కొన్నామెకి ఇచ్చి పంపింది. ఆ తర్వాత చేతులు కడుక్కుంది. నావైపు తిరిగి, ఆఖరిసారి ఎంతసేపు మోగిందని అడిగింది.

అర నిమిషం అన్నాను.

"నూనె అయిపోయింది," అంది. అడగడం కాదు, తనకి తను చెప్పుకోవడం. "ఆయన మానలేదు. నూనె అయిపోయింది."

నాన్న తల వంచుకున్నాడు. రేవులో బేరాలు, గోల, మంచుగడ్డలు కొట్టే చప్పుడు అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆమె ఆయనకేసి తిరిగింది.

"నేను అడిగాను ఆయేళ," అంది. "ఒక్క బోటు పంపమని మీ కాళ్ళట్టుకున్నాను."

"అడిగావమ్మా," అన్నాడు నాన్న.

అప్పుడు నన్ను చూసింది. "నువ్వు సదూకున్నావు కదే, భవానీ," అంది. ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా, జుట్టు పట్టుకుని ఈడ్చినా నాకింత బాధ ఉండేది కాదు.

పుట్టింటికి పోతుందనుకున్నాను. పోలేదు. ఆ సాయంత్రం ఎప్పటిలాగే వచ్చి వంట చేసింది. ఇప్పటికీ చేస్తోంది. నాన్నకి వేడిగా వడ్డిస్తుంది, బీపీ మాత్ర గ్లాసు పక్కన పెడుతుంది, చొక్కాలు ఉతుకుతుంది. మావయ్యా అని మాత్రం పిలవడం మానేసింది. ఏదైనా చెప్పాల్సి వస్తే గుమ్మంలో నిలబడి గాలికి చెబుతుంది, అన్నం పెట్టానని, గ్యాసు తెప్పించాలని. నాన్నకి అర్థమవుతుంది, లేచి వెళతాడు. అన్నయ్య తద్దినం పంతులుతో మాట్లాడి ఏడో మోత ఆగిన ఆ శుక్రవారం తిథికి మార్పించింది ఆమే. ఊళ్ళో ఎందుకని అడిగినవాళ్ళకి నాన్నే కారణం చెప్పాడు. ఇక మీద బోటు తప్పిపోతే ఎవరి చెవీ నమ్మొద్దని, వారం రోజులైనా వెతకాలని కూడా చెప్పాడు. పెద్దవాళ్ళు కొందరు నొచ్చుకున్నారు.

చేపలు చలికాలం గడిపే లోతు ఎక్కడో వారిజ గారు ప్రభుత్వానికి రాసి ఇచ్చారు. అక్కడ వలలు ఆపుతారట. మా పని ఫలించిందని సంస్థలో మిఠాయి పంచారు. నేనూ తిన్నాను, బాగానే ఉంది. కాని అన్నయ్య ఇంజను విన్నప్పటి నుంచి నేను గ్రామఫోను ముందు కూర్చోవడానికి వెనకాడుతున్నాను. తీరం పొడుగునా ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వాళ్ళు లేదనుకుని సర్దుకున్నది ఏ చేప చెవిలో ఉందో, దాన్ని నేనే తవ్వి పైకి తియ్యాల్సి వస్తుందేమోనని భయం.

వదిన తలలు పంపడం ఆపలేదు. నాన్న కూడా ఇప్పుడు తన వలలో ముదురు చేప పడితే అమ్మకుండా నాకే తెస్తున్నాడు. ఆ ఏడు మొగలో ఉన్నది ఆ ఒక్క చేపే కాదు కదా అంటాడు. ఇంకో చేప ఎనిమిదో మోత విని ఉండవచ్చు, దారిన పోయే ఓడేదైనా వాడి కోసం ఆగిన మోత విని ఉండవచ్చు. అలాంటివి దొరకవని నాకు తెలుసు. ఆ ఏటి చేపలు వలలకి చిక్కి, ముసలివై, ఏటికేడూ తరిగిపోతున్నాయి. ఇంకో రెండు వరదలు పోతే ఒక్కటీ మిగలదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

మొన్న పొద్దున్న మంచుపెట్టె మోసుకుని సంస్థకే వచ్చాడు. మూడు తలలు. నేను రాళ్ళు తీస్తుంటే పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. ఏదో అడగాలని వచ్చాడని తెలుస్తోంది.

"ఇంజను ఆగిపోయాక ఆడు కేకలేసే ఉంటాడు గదమ్మా," అన్నాడు చివరికి. "మనిషి గొంతు ఇందులో పడదా?"

పడదు నాన్నా అన్నాను. గాలిలో వేసిన కేక నీళ్ళలోకి దిగదు, ఆ కాస్త గొంతు రాయిని కదిలించలేదు అని వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అయితే అదొక్కటీ నేను ఇనక్కర్లేదు," అన్నాడు.

తర్వాత మంచుపెట్టె మూత పెట్టుకుని, బస్సుకి వేళయిందని బయల్దేరాడు.